డ్రాయింగ్ పోటీలు పెట్టే పెద్దలందరికీ ఒక డ్రాయింగ్ మాస్టారి ఉత్తరం

నమస్కారం.

బాలల దినోత్సవానికీ, రిపబ్లిక్ డేకీ, ఉగాదికీ, క్లబ్బు వార్షికోత్సవానికీ, అపార్ట్‌మెంట్‌లో వినాయక చవితికీ పిల్లలకు డ్రాయింగ్ పోటీలు పెట్టే అధ్యక్షులు, కార్యదర్శులు, స్పాన్సర్లు, అమెరికాలో తెలుగు సంఘాలు నడిపేవాళ్ళు, ఇంకా నాతోపాటు జడ్జి కుర్చీలో కూర్చునే తోటి మాస్టార్లు, మేడమ్‌లు, ఈ ఉత్తరం మీ అందరికీ. విడివిడిగా రాస్తే ఎవరో ఒకరి మీద పెట్టుకుని రాసినట్టు ఉంటుందని అందరికీ కలిపి రాస్తున్నా.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టార్ని. ఈ ఉద్యోగం ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి తెలుసు. టైంటేబుల్లో మా పీరియడ్ ఉండేది లెక్కల సారు సిలబస్ పూర్తి చేసుకోవడానికి, కానీ బడికి పెద్దాఫీసరెవరైనా వస్తున్నారంటే మాత్రం స్వాగతం బోర్డు రాయడానికి మేమే కావాలి. పోటీలకు జడ్జిగానూ పిలుస్తారు. శాలువా కప్పుతారు, టీ ఇస్తారు, మర్యాదకేం లోటు లేదు. ప్రైజు ఫలానా పాపకి ఎందుకు రాలేదనే పంచాయితీ కూడా నాకొద్దు, దానికి తల్లిదండ్రులు చాలు. నా గోలంతా ఒకటే. బొమ్మలు గీయడం అప్పుడే మొదలుపెట్టినవాడికి మనందరికంటే బాగా చేతనైన పని ఒకటుంది, ఏది గీయాలో ఏది వదిలేయాలో ఎవర్నీ అడక్కుండా తనే తేల్చుకోవడం. సృజన గురించి స్టేజీల మీద గంటలు గంటలు మాట్లాడతాం గానీ చాలావరకు అది ఇదే. మన పోటీల తీరు చూస్తే, ఆ పని చేసిన పిల్లలే మొదటి రౌండ్లో పోతున్నారు.

కాగితాలన్నీ వరండాలో పరిచినప్పుడు ఒక్కసారి నిలబడి చూడండి. ‘ప్రకృతి’ అని టాపిక్ ఇచ్చారా, రెండు కొండలు, మధ్యలో పొద్దు, కొండల్లోంచి వంకర్లు తిరుగుతూ ఏరు, ఒక పక్క గుడిసె, ఇంకో పక్క కొబ్బరిచెట్టు, పైన టిక్కు మార్కుల్లాంటి నాలుగు పక్షులు. కోనసీమలోనూ ఇదే బొమ్మ. కోనసీమలో కొండలెక్కడున్నాయండీ? ఎటు చూసినా చదును నేల, వరిచేలు, కొబ్బరితోటలు తప్ప కనిపించని చోట పుట్టి పెరిగిన పిల్లాడు ఎన్నడూ చూడని కొండల మధ్య సూర్యుణ్ణి పెడుతున్నాడు. రోజూ బడికి పోతూ దాటే కాలువ లాకులు గీయడు, రేవులో మనుషుల్నీ బళ్ళనీ ఏరు దాటించే పంటు గీయడు. కొండల బొమ్మకే ప్రైజొస్తుందని వాడికి ఎప్పుడో అర్థమైపోయింది. ‘నీటిని కాపాడుదాం’ అన్నారా, రెండు చేతుల్లో భూగోళం, పైన కుళాయి, ఒక్క చుక్క. ‘స్వచ్ఛ భారత్’ అంటే గాంధీగారి కళ్ళజోడు. యూట్యూబ్‌లో దొరికిన బొమ్మని ఇంట్లో వారంపాటు ప్రాక్టీసు చేయించి, ఎక్కాలు అప్పజెప్పించినట్టు కాగితం మీద అప్పజెప్పిస్తున్నారు. కిటికీ దగ్గర నిలబడి “బ్యాక్‌గ్రౌండ్ నింపు నాన్నా, తెల్లగా వదలకు” అని సైగలు చేసే అమ్మానాన్నల్ని మీరూ చూసే ఉంటారు. వాళ్ళని అనడానికేముంది, తెల్లగా వదిలితే ‘ఫినిషింగ్ లేదు’ అని మార్కులు కోసేది జడ్జీలే కదా. ఉన్న గంటలో సగం టైము ఆకాశానికి నీలం రంగు రుద్దడానికే అయిపోతుంది పిల్లలకి.

ఆమధ్య ఒక పోటీలో, ఎవరు పెట్టారో చెప్పను, ఊరూ చెప్పను, టాపిక్ నీళ్ళే. ఆరో తరగతి పిల్ల ఒకతి బిందెల వరస గీసింది. ప్లాస్టిక్ బిందెలు, ఒక్కోటీ ఒక్కో రంగు, ఒకదాని మూతి చీలి ఉంది, ఒకటి సొట్టలు పోయిన స్టీలుది. మధ్యలో అక్కడక్కడా బిందె ఉండాల్సిన చోట ఒక ఇటుక, ఒక ఒంటి చెప్పు, అడుగు ఊడిన బకెట్టు. వరసలో మనుషులెవరూ లేరు. కాగితం అంచున ఒకావిడ గోడకానుకుని కూర్చుని ఉంది, అరంగుళం కూడా ఉండదు. ట్యాంకర్ లేదు. సగం కాగితం తెల్లగానే ఉంది.

“మనుషులేరీ ఇందులో? ట్యాంకరేదీ?” అన్నారు పక్కనున్న జడ్జిగారు, బొమ్మని పక్కకి పెట్టేశారు. “మనిషికీ బిందెకీ నిష్పత్తే కుదర్లేదు” అని ఇంకొకరు. ట్యాంకర్ కోసం కాసుకుని కూర్చున్న వాడకట్టులో పెరిగినవాళ్ళకెవరికీ ఆ ప్రశ్న రాదు. ట్యాంకర్ రాలేదు కాబట్టే కదా వరస! వచ్చేదాకా ఎండలో ఎవరు నిలబడతారు, ఎవరి పనుల మీద వాళ్ళు పోతారు, రాయో చెప్పో పెట్టి పోతారు. ఆ చెప్పు ఎవరిదో అందరికీ తెలుసు, దాన్ని జరిపితే ఎంత రభస అవుతుందో కూడా తెలుసు. నీటి కరువు మీద మనం ఫ్లెక్సీల్లో రాసే నినాదాలన్నీ కలిపినా ఆ ఒంటి చెప్పు చెప్పినంత చెప్పవు. ప్రైజొచ్చే బొమ్మ ఎలా ఉండాలో ఆ పిల్లకి తెలియదు, అదే ఆ పిల్లకి కలిసొచ్చింది. భూగోళం వేయమని చెప్పినవాళ్ళు లేరు, నీళ్ళంటే తనకి ఏమిటో అది గీసి ఇచ్చింది. ఫస్ట్ ప్రైజు ఏ బొమ్మకి వచ్చిందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఈ నిష్పత్తి మాట కాస్త తేల్చుకుందాం, ఎందుకంటే మార్కులు ఎక్కువ పోయేది దీని దగ్గరే. పిల్లలు ముఖ్యమైనదాన్ని పెద్దగా గీస్తారు. అమ్మ ఇల్లంత ఉంటుంది, బెత్తం పట్టుకున్న సారు చెయ్యి సారుకంటే పొడుగుంటుంది. ఇల్లు గీస్తే గోడలోంచి మంచం, టీవీ, గ్యాస్ పొయ్యి కనిపిస్తాయి. చెరువు గీస్తే పైనుంచి చూసినట్టు గుండ్రంగా గీసి, గట్టు మీది చెట్లని నాలుగు పక్కలకీ పడుకోబెడతారు. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షల లెక్కలో ఇవన్నీ తప్పులే. సరే, ఇప్పుడు వెళ్ళి చేర్యాల పటం, అదే, తెలంగాణలో కథ చెప్పడానికి గుడ్డ మీద గీసే పొడుగాటి బొమ్మల చుట్ట, దాని ముందు నిలబడండి. ఎర్రటి వెనక రంగు మీద కథ వరసలు వరసలుగా దిగుతుంటుంది, ఒకే మనిషి ఒకే పటంలో ఎన్నోచోట్ల కనిపిస్తాడు, కథలో ఎవరు పెద్దో బొమ్మలోనూ వాళ్ళే పెద్ద, దూరం దగ్గర అనే లెక్కతో దానికి పని లేదు. రాత్రిపూట జనం మధ్య పటం విప్పి కులపురాణం చెప్పే కథకుడికి కావలసింది అదీ. దానికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చిందని మనమంతా గర్వపడతాం, ఇంటికొచ్చిన చుట్టాలకి చేర్యాల బొమ్మలు కొని పెడతాం, అదే పని ఆరో తరగతి పిల్ల చేస్తే మాత్రం ‘నిష్పత్తి లేదు’ అంటాం.

ఈజిప్టులో మూడు వేల ఏళ్ళకి పైబడిన నెబామున్ అనే ఉద్యోగి సమాధి గోడ మీది తోట బొమ్మ ఇప్పుడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది, ఫోన్లో వెతికి చూడండి. కొలను పైనుంచి చూసినట్టు, కొలనులో చేపలూ బాతులూ, గట్టు మీద చెట్లూ పక్కనుంచి చూసినట్టు. మన పిల్లల చెరువే అది. కంటికి ఆనినట్టుగా, దూరం పోయేకొద్దీ చిన్నదయ్యేట్టుగా గీసే పద్ధతిని ఇటలీవాళ్ళు 15వ శతాబ్దంలో సూత్రాలు కట్టి నిలబెట్టారు, గొప్ప పద్ధతే, నేనూ దాన్నే పాఠంగా చెప్తాను. కానీ లోకంలో బొమ్మలు గీసినవాళ్ళలో ఎక్కువమంది అలా గీయలేదు. ఇలా అన్నానని చేర్యాల పటాలు గీసే నకాషీలూ ఆరో తరగతి పిల్లలూ ఒకటేనంటున్నానని అనుకోకండి, గుడ్డకి గంజీ సుద్దమట్టీ చింతగింజల పేస్టూ పూయడం దగ్గర్నుంచి వాళ్ళది తరతరాల విద్య. ఒక్క ఇటలీ కొలబద్దే పట్టుకుని అందర్నీ కొలవొద్దనే నేను చెప్పేది.

ఇంకా చిన్నపిల్లల దగ్గరికి వెళ్దాం. రోడా కెల్లాగ్ అని శాన్‌ఫ్రాన్సిస్కోలో నర్సరీ బడులు చూసుకున్న ఒకావిడ దేశదేశాల పసిపిల్లల గీతలు లక్షల్లో పోగుచేసింది. పిచ్చిగీతలని మనం అనేవాటిలో 20 మూలగీతలున్నాయని తేల్చింది, చుక్క, నిలువు గీత, అడ్డగీత, మెలిక, సుడి, ఇలా. ఇవి కలుస్తూ కలుస్తూ గుండ్రం అవుతుంది, గుండ్రంలో ప్లస్సు పడుతుంది, తర్వాత గుండ్రం చుట్టూ కిరణాలు మొలుస్తాయి. ఆ కిరణాల్లో నాలుగు మిగిలి తక్కినవి రాలిపోతే? కాళ్ళూ చేతులూ! తలకాయలోంచే కాళ్ళు దిగిన ఆ మనిషి మీ ఇంటి గోడ మీదా ఎప్పుడో ఒకప్పుడు ఉండే ఉంటాడు, గోడకి కొత్తగా సున్నం వేయించిన వారంలో గీసి ఉంటే మీ పిల్లాడి వీపు విమానం మోత మోగే ఉంటుంది. వాడికి ఎదురుగా మనిషిని కూర్చోబెట్టి చూసి గీయమన్నవాళ్ళు లేరు, చేతిలోంచి వచ్చిన గీతని చూసి ‘అరె, మనిషి’ అనుకున్నాడు. ఇంత పెద్ద కనుగోలు మనం పెద్దయ్యాక ఎన్నిసార్లు చేసి ఉంటాం?

ఇక ప్రైజుల సంగతి. ఇది చదివితే మీకు కాస్త కష్టంగా ఉండొచ్చు. మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే ముగ్గురు అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ నర్సరీ బడిలో చేసిన పరిశోధన ఒకటి 1973లో అచ్చయింది. స్కెచ్ పెన్నులతో గీయడమంటే ముందునుంచే సరదా ఉన్న మూడేళ్ళనుంచి అయిదేళ్ళ పిల్లల్ని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి “బొమ్మలు గీస్తే సర్టిఫికెట్ ఇస్తాం, ఇదిగో చూడు, బంగారు రంగు సీలుంది, రిబ్బనుంది” అని ముందే చెప్పి గీయించారు. రెండో గుంపు చేత ఏమీ చెప్పకుండా గీయించి, అయిపోయాక అదే సర్టిఫికెట్ చేతిలో పెట్టారు. మూడో గుంపుకి చెప్పిందీ లేదు, ఇచ్చిందీ లేదు. కొన్నాళ్ళు పోయాక, తరగతిలో ఎవరిష్టం వచ్చినట్టు వాళ్ళు ఆడుకునే టైములో స్కెచ్ పెన్నులు బల్ల మీద పెట్టి, ఎవరు ఎంతసేపు గీస్తారో చాటునుంచి గమనించారు. ముందే ఆశ పెట్టిన పిల్లలు మిగతావాళ్ళలో దాదాపు సగం సేపే గీశారు. సర్టిఫికెట్ కోసం గీసిన రోజున వాళ్ళ బొమ్మలు కూడా మిగతా వాళ్ళవాటికంటే నాసిగా ఉన్నాయని, ఎవరు ఏ గుంపో తెలియకుండా చూసినవాళ్ళు చెప్పారు. అనుకోకుండా సర్టిఫికెట్ అందుకున్న రెండో గుంపుకి మాత్రం ఏ నష్టమూ లేదు, వాళ్ళ సరదా వాళ్ళకే ఉంది.

కాబట్టి ప్రైజులు ఎత్తేయండి అని నేననను. అన్నా మీరు వినరు, స్పాన్సర్ గారి ఫ్లెక్సీ ఎక్కడ కట్టాలి మరి. కానీ ‘మొదటి బహుమతి సైకిలు’ అని పది రోజుల ముందునుంచే ఆటోలో మైకు పెట్టి తిప్పుతున్నారు చూడండి, అది మానేయండి. పిల్లలు వచ్చి, గీసి, చేతులు కడుక్కుని, ఇళ్ళకి పోయే ముందు అందరికీ తలా ఒక రంగుల డబ్బా ఇవ్వండి. పెద్ద షీల్డులు కొనే డబ్బులు దీనికి పెడితే ఇంటికెళ్ళాక కూడా గీసుకుంటారు, షీల్డుతో ఏం గీస్తారు?

మొదలుపెట్టేవాళ్ళంటే చిన్నపిల్లలే అవ్వాలని లేదు. రవీంద్రనాథ్ ఠాగూర్ అరవై దాటాకే బొమ్మల్లో పడ్డారు. రాతప్రతిలో కొట్టేసిన మాటల్ని అలా వదిలేయబుద్ధి కాక, ఆ కొట్టివేతల్ని ఒకదాన్నొకటి కలుపుకుంటూ పోతే అందులోంచి ముక్కులూ రెక్కలూ ఉన్న వింత జంతువులు లేచాయి. 1930లో పారిస్‌లో బొమ్మల ప్రదర్శన పెట్టారు, పోయేలోపు రెండు వేలకు పైగా గీశారు. అప్పటికే నోబెల్ వచ్చిన కవి, కొత్త పనిలో తప్పు పడినచోట రబ్బరు కోసం వెతక్కుండా ఆ తప్పుతో ఏం చేయొచ్చో చూస్తూ కూర్చున్నారు, ఆ ఓపిక నాకు నచ్చుతుంది. మధ్యప్రదేశ్ ఉమరియా జిల్లాకి చెందిన జోధయ్యా బాయి సంగతి ఇంకా గొప్పది. బైగా గిరిజనురాలు, భర్త పోయాక కూలీనాలీ చేసి, కట్టెలమ్మి పిల్లల్ని పెంచింది. ఆవిడ డెబ్భై దగ్గరపడే వయసులో ఆశిష్ స్వామి అనే చిత్రకారుడి దగ్గర మొదటిసారి కుంచె పట్టుకుంది. ఇప్పచెట్టు గీసింది, పులిని గీసింది, తన అడవీ తన దేవుళ్ళూ గీసింది. ఇటలీ దాకా వెళ్ళాయి ఆ బొమ్మలు, 2023లో పద్మశ్రీ ఇచ్చారు, 2024 డిసెంబరులో కన్నుమూసింది. మన వరండాలో పరిచి ఉంటే ఆ పులి ఏ రౌండ్లో పోయేదో మీరే ఊహించుకోండి.

నా దగ్గరికి ఆదివారాలు కొందరు పెద్దవాళ్ళు కూడా వస్తుంటారు, పిల్లల్ని దింపడానికి వచ్చి కూర్చుండిపోయినవాళ్ళు. అందరిదీ మొదటి మాట ఒకటే, “నాకు గీత కూడా తిన్నగా రాదండీ”. రెండో మాట, “రబ్బరుందా?”. పిల్లలైతే రబ్బరడగరు, ఇంకో కాగితం అడుగుతారు. ఒక రిటైరైన పెద్దాయన్ని ఆయన పాత స్కూటర్ గుర్తు తెచ్చుకుని గీయమన్నాను. ఏళ్ళ తరబడి నడిపిన బండి. హ్యాండిలూ సీటూ చక్రాలూ వేశాక ఆగిపోయారు, కిక్ రాడ్ ఏ పక్కనుంటుందో గుర్తు రావడం లేదు. కాసేపు నెత్తి గోక్కుని, లేచి నిలబడి, గాల్లో కాలితో రెండు తన్నులు తన్ని, “కుడి పక్కండీ” అని కూర్చుని గీశారు. పక్కనున్న పిల్లలు నవ్వితే ఆయనా నవ్వారు. ఆ కిక్ రాడ్ ఒక్కటీ బొమ్మలో మిగతా అన్నిటికంటే గట్టిగా, బతికినట్టు ఉంది. బొమ్మలు బాగా వచ్చినవాడెవడూ అలా లేచి కాలు విసరడు, అలవాటైన స్కూటర్ బొమ్మ ఒకటి చేతిలో రెడీగా ఉంటుంది, అది దించేస్తాడు. నాకూ ఉంటుంది అలాంటి స్టాకు, బోర్డు మీద నెమలిని నిద్రలో లేపినా వేస్తాను, అందుకే నా నెమళ్ళన్నీ ఒకటే నెమలి.

ముగ్గు నేర్చుకునే పిల్లని చూసినా ఇంతే. చుక్క తప్పితే కాలితో చెరిపేసి మళ్ళీ పెడుతుంది. తెల్లారితే ఎలాగూ ఊడ్చేస్తారు కాబట్టి టెన్షన్ ఉండదు, అమ్మ నేర్పిన మెలికల ముగ్గులో ఒక మెలిక ఎటో తిరిగితే ఆ పూటకి అదో కొత్త ముగ్గు. సంక్రాంతికి దానికీ పోటీలు పెట్టేశాం లెండి, ఇప్పుడు ముగ్గుల్లోనూ నినాదాలే.

“మరి నేర్పడం వద్దా మాస్టారూ, చెయ్యి తిరగొద్దా?” అని మీరు అడుగుతారు. ఎందుకొద్దు, నా జీతమే దానికి. పదకొండో పన్నెండో ఏడు వచ్చేసరికి పిల్లలకే ఆ ఆకలి పుడుతుంది. తను గీసిన గుర్రం గుర్రంలా లేదని తనకే కోపమొస్తుంది, కాగితం నలిపి పారేస్తారు, చాలామంది జన్మలో మళ్ళీ పెన్సిల్ పట్టనిది అక్కడే. ఆ టైములో పక్కన కూర్చుని కొలతలు చెప్పాలి, వెలుగు నీడలు చెప్పాలి, పర్‌స్పెక్టివ్ చెప్పాలి, ఎంత చెప్పినా పట్టుకుంటారు. ఎల్‌కేజీ పిల్లాడికి అచ్చేసిన యాపిల్ బొమ్మ ఇచ్చి గీత దాటకుండా ఎర్ర రంగు వేయమనడం మాత్రం దానికి తయారీ అవదు, వాడు ఆ వయసులో చేసుకోవాల్సిన పని ఇంకోటుంది, అది మనం లాగేసుకుంటున్నాం అంతే.

సరే, అడగాల్సినవి అడిగేస్తాను. నినాదాలు టాపిక్‌గా ఇవ్వకండి. “పొద్దున ఆరింటికి మీ వీధి” అనండి, “మీ ఇంట్లో ఎప్పుడూ పాడయ్యే వస్తువు” అనండి, యూట్యూబ్‌లో ఇవి దొరకవు. తలా రెండు కాగితాలివ్వండి, ఒకటి పోయినా ఫర్వాలేదని పిల్లలకి తెలియాలి. అమ్మానాన్నలకి కిటికీలకి దూరంగా షామియానా వేసి అక్కడ టీలు పోయండి. జడ్జీలు ఆఖర్న వచ్చి పైనుంచి చూసి పోకుండా గీసేటప్పుడే పిల్లల మధ్య తిరగాలి, “ఇదేంటమ్మా” అని అడగాలి, ఆ ఒక్క మాట అడిగి ఉంటే చెప్పు సంగతి ఆ పిల్లే చెప్పేది. ఎనిమిదేళ్ళ లోపువాళ్ళకి ఫస్టూ సెకండూ వద్దు. గీసినవన్నీ ఒక్క రోజైనా తాడుకి క్లిప్పులు పెట్టి వేలాడదీయండి, ఊళ్ళోవాళ్ళు చూస్తారు, తర్వాత ఎవరివి వాళ్ళకి ఇచ్చేయండి. పోటీ అయిపోయాక మూడు ప్రైజు బొమ్మలు తప్ప మిగతావన్నీ స్టోర్ రూములో ఓ మూల పడి ఉండి పాత పేపర్లతో కాటాకి వెళ్ళిపోతున్నాయి, అది నా కళ్ళతో చూశాను, బాధేస్తుంది.

ఈ నవంబర్ 14కి పిలిస్తే వస్తాను. శాలువా వద్దు, ఆ డబ్బులు కాగితానికి పెట్టండి. మీరు ఇచ్చేది జిరాక్స్ కాగితం, క్రేయాను గట్టిగా నొక్కితే చిరుగుతుంది, నీళ్ళ రంగు తగిలితే ముడుచుకుపోతుంది, పిల్లలు భయపడి పైపైన రాస్తున్నారు. దళసరి డ్రాయింగ్ షీట్లు కొనండి, పెద్దవి తీసుకుని నాలుగు ముక్కలు కోయిస్తే ఖరీదు అంత పడదు, కోసి పెట్టడానికి ముందురోజు సాయంత్రం మా పదో తరగతి పిల్లల్ని తీసుకుని నేనే వస్తాను.

ఇట్లు,
మీ పోటీలకి ఏటా వచ్చే డ్రాయింగ్ మాస్టారు